వ్యవస్థీకృత నేరాలపై పరిశోధన: ప్రతిపాదన ఏ సదస్సుకు పంపడం మేలు?

ఎర్రచందనం దొంగరవాణా మీదనో, ఏజెన్సీ ప్రాంతం నుంచి సాగే గంజాయి వ్యాపారం మీదనో, ఉద్యోగాల ఆశ చూపి యువకులను కంబోడియా, మయన్మార్‌లలోని సైబర్ మోసాల శిబిరాలకు తరలించే ముఠాల మీదనో పరిశోధన చేయదలచిన తెలుగు విద్యార్థికి ఇవాళ విషయానికి కొదవ లేదు. చేసిన పనిని ఏ విద్వత్సభ ముందు పెట్టాలన్న దగ్గరే చిక్కు వస్తుంది. ఈ రంగంలో ప్రతిపాదనలు స్వీకరించే సదస్సుల్లో మూడింటిని ఇక్కడ పోల్చి చూస్తాను. మొదటిది ఆన్‌లైన్‌లో ఇరవై నాలుగు గంటలపాటు సాగే ఓసీ24. రెండోది యూరోపియన్ కన్సార్టియం ఫర్ పొలిటికల్ రీసెర్చ్, అంటే ఈసీపీఆర్, జరిపే సర్వసభ్య సదస్సు. మూడోది యూరోపియన్ సొసైటీ ఆఫ్ క్రిమినాలజీ వారి యూరోక్రిమ్. మాట గాలిలో తేలిపోకుండా ఎర్రచందనం మీద పనిచేస్తున్న ఒక పరిశోధకుణ్ణి ఉదాహరణగా తీసుకుంటాను.

ఓసీ24 మొదటిసారి 2020 నవంబరులో జరిగింది. అంతర్జాతీయ వ్యవస్థీకృత నేరాల నిరోధానికి ఐక్యరాజ్యసమితి చేసిన పలెర్మో ఒడంబడికను సర్వసభ్య సభ 2000 నవంబరు 15న ఆమోదించింది కనుక, అది ఆ ఒడంబడికకు ఇరవై ఏళ్లు నిండిన నెల కూడా. అంతర్జాతీయ వ్యవస్థీకృత నేరాలకు వ్యతిరేకంగా జెనీవా కేంద్రంగా పనిచేసే గ్లోబల్ ఇనీషియేటివ్ సంస్థ, వ్యవస్థీకృత నేరాల అధ్యయనానికి 1984లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఓసీ, ఈసీపీఆర్‌లో ఇదే రంగానికి ఉన్న స్థాయీ బృందం తదితరులు కలిసి దీన్ని నిర్వహిస్తారు. నమోదుకు రుసుము లేదు, వీసా అవసరం లేదు. భూగోళం చుట్టూ పగలు తిరిగినట్టే గోష్ఠులూ తిరుగుతాయి కాబట్టి తిరుపతిలోనో హైదరాబాదులోనో ఉన్నవారు తమకు అనువైన వేళలోనే మాట్లాడే వీలుంటుంది. శ్రోతలలో ఆచార్యులతో పాటు పోలీసు అధికారులు, పాత్రికేయులు, స్వచ్ఛంద సంస్థల వారు, విధాన రూపకర్తలు కూడా ఉంటారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే అయినా దాని గిరాకీ ప్రధానంగా చైనాలోని ఖరీదైన కలప సామాను తయారీ నుంచి వస్తుంది. కాబట్టి కడపలో మొదలైన దుంగ దారిని అవతలి కొసనుంచి చూస్తున్న మరో దేశపు పరిశోధకుడు పరిచయం కావడానికి ఇంతకంటే చవకైన మార్గం నాకు తెలియదు.

అయితే ఈ సదస్సు విషయంలో ఒక ప్రశ్నను తేలిగ్గా దాటవేయకూడదు. ఇందులోని గోష్ఠులను రికార్డు చేసి తరువాత అందరూ చూసేలా ఉంచడం పరిపాటి. ఇతర శాస్త్రాల్లో అది వరమే. వ్యవస్థీకృత నేరాల పరిశోధనలో మాత్రం, తెర మీద ఒక్క గ్రామం పేరు కనిపించినా, ఒక మధ్యవర్తి ఏ ఊరి బస్టాండులో కూలీలను పోగుచేస్తాడో నోరుజారి చెప్పినా, దాని ఫలితం అనుభవించేది పరిశోధకుడు కాదు, అతణ్ణి నమ్మి మాట్లాడిన మనిషి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం దొంగరవాణా నిరోధక టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో చనిపోయిన ఇరవై మందీ తమిళనాడు నుంచి వచ్చినవారే. ఆ తరువాత బెయిలు మీద ఉన్న ఒక కూలీ తన కథ చెప్పాడంటే అటు ముఠాకూ ఇటు పోలీసుకూ భయపడుతూనే చెప్పి ఉంటాడు. పైగా మన చట్టంలో పరిశోధకుడికీ సమాచారదాతకూ మధ్య గోప్యతకు ప్రత్యేక రక్షణ ఏదీ లేదు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద, కేసుకు అవసరమని భావిస్తే పత్రాలను, ఎలక్ట్రానిక్ సమాచారాన్ని కూడా తెచ్చివ్వమని కోర్టు గానీ పోలీస్ స్టేషన్ అధికారి గానీ ఆదేశించవచ్చు. అందువల్ల ముఖాముఖి సంభాషణల మీద ఆధారపడిన పని అయితే, రికార్డింగు వద్దని కోరే అవకాశం ఉందో లేదో నిర్వాహకులను ముందుగానే రాతపూర్వకంగా అడగాలి. కోర్టు తీర్పులు, అటవీశాఖ వేలం లెక్కలు, స్వాధీన వివరాల వంటి బహిరంగ పత్రాల మీద ఆధారపడిన పనికి ఈ బెంగ అక్కరలేదు.

ఈసీపీఆర్ దారి దీనికి పూర్తిగా భిన్నమైనది. 1970లో ఏర్పడిన ఈ సంస్థలో వ్యవస్థీకృత నేరాల స్థాయీ బృందం చాలా కాలంగా పనిచేస్తోంది. ఏటా వేసవి చివర జరిగే సర్వసభ్య సదస్సుకు చలికాలంలోనే ప్రతిపాదన పంపాలి. సదస్సు విభాగాలుగానూ, ఒక్కో విభాగం ప్యానెళ్లుగానూ చీలి ఉంటుంది కాబట్టి మన పత్రం ఏ విభాగానికి చెందుతుందో మనమే ఎంచుకోవాలి. ఆ ఎంపిక తప్పితే మంచి ప్రతిపాదన కూడా తిరిగొస్తుంది. అంగీకారం లభించిన తరువాత అసలు శ్రమ మొదలవుతుంది. పూర్తి పత్రం రాసి సదస్సుకు ముందే అప్పగించాలి. దాన్ని ఆమూలాగ్రం చదివి లోపాలు చెప్పడానికి ప్యానెల్‌లో ఒక చర్చకుణ్ణి నియమిస్తారు. ఈ ఒక్క ఏర్పాటు కోసమే నేను ఈసీపీఆర్‌ను ఎక్కువగా గౌరవిస్తాను. స్లయిడ్లు చూసి బాగుందనే పదిమంది కంటే, పత్రం మొత్తం చదివి మూడో అధ్యాయంలో మీ వాదన మీ ఆధారాలను మించిపోయిందని చెప్పే ఒక్క మనిషి సిద్ధాంత గ్రంథం రాస్తున్నవారికి ఎక్కువ మేలు చేస్తాడు.

ఖర్చు మాత్రం చిన్నది కాదు. ఈ సదస్సు 2023లో ప్రాగ్‌లో, 2024లో డబ్లిన్‌లో, 2025లో థెస్సలొనీకిలో జరిగింది. విమాన టికెట్టు, బస, నమోదు రుసుము అన్నీ యూరోల లెక్కలోనే ఉంటాయి. మన విశ్వవిద్యాలయం సభ్యసంస్థ కాకపోతే రుసుము మరింత పెరుగుతుంది. షెంగెన్ వీసా రుసుమే 2024 జూన్ నుంచి 90 యూరోలు, తిరస్కరిస్తే అది వెనక్కి రాదు. డబ్లిన్ వంటి చోట సదస్సు పెడితే ఆ వీసా పనికిరాదు, ఐర్లండుకు వేరే వీసా కావాలి. దరఖాస్తు హైదరాబాదులోనే ఇవ్వగలిగినా, అంగీకార పత్రం చేతికి అందిన వారంలోనే ఆ పని మొదలుపెట్టడం క్షేమం. సామాజిక శాస్త్రాల పరిశోధనకు సాయమందించే కేంద్ర సంస్థ ఐసీఎస్ఎస్ఆర్ వంటి వాటి ప్రయాణ సహాయానికి ప్రయత్నించాలి గానీ, ఆ డబ్బు వస్తుందన్న ధీమాతో ముందే టికెట్టు కొనకూడదు.

యూరోక్రిమ్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 2024లో బుకారెస్టులో, 2025లో ఏథెన్సులో జరిగిన ఈ సదస్సుకు వెయ్యిమందికి పైగా నేరశాస్త్రవేత్తలు వస్తారు. వ్యవస్థీకృత నేరాల మీద ప్రత్యేక కార్యబృందం కూడా అందులో ఉంది. అంగీకారానికి సంక్షేపం, అంటే పత్రసారాన్ని క్లుప్తంగా చెప్పే అబ్‌స్ట్రాక్ట్, సరిపోతుంది, పూర్తి పత్రం అడగరు. దానివల్ల ప్రవేశం సులువవుతుంది, విమర్శ మాత్రం పలుచబడుతుంది. ప్రయాణ ఖర్చు ఈసీపీఆర్‌కు ఎంతో దీనికీ దాదాపు అంతే అయినప్పుడు, ఆ ఖర్చుకు తగిన చదువరి దొరకని చోటికి మొదటిసారే వెళ్లమని నేను సలహా ఇవ్వను. నేరశాస్త్రంలో ఉద్యోగం వెతుక్కుంటున్నవారి సంగతి వేరు. వారు కలవవలసిన మనుషులు అక్కడే ఉంటారు.

ఒకే సంక్షేపాన్ని ఈ మూడింటికీ పంపడం పొరపాటు. ఎర్రచందనం పత్రాన్నే తీసుకుంటే, యూరోక్రిమ్ వారు ముఠా నిర్మాణం గురించి అడుగుతారు: నరికేవాడు, మోసేవాడు, దారి చూపే పైలట్, గోదాము యజమాని, ఎగుమతిదారు, వీరిలో ఎవరికి ఎవరు తెలుసు? ఓసీ24 వారు మార్కెట్టునూ విధానాన్నీ చూస్తారు. ఈ చెట్టు 1995 నుంచి అంతరించే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉన్నా అక్రమ వ్యాపారం ఎందుకు ఆగలేదన్నది వారికి పట్టే ప్రశ్న. ఈసీపీఆర్ వారు రాజ్యం పాత్రను అడుగుతారు. వారికి పంపే ప్రతిపాదనలో నిర్వచనాల తగవును ముందుకు తేవాలని నా అభిప్రాయం. పలెర్మో ఒడంబడిక ప్రకారం నేరముఠా అనడానికి కనీసం ముగ్గురుండాలి, నేరానికి గరిష్ఠ శిక్ష నాలుగేళ్లకు తగ్గకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్‌కు ఇద్దరు చాలు, శిక్ష మూడేళ్లయినా చాలు. కానీ గత పదేళ్లలో ఒకటికి మించి అభియోగపత్రాలు దాఖలై, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలి. తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి అప్పు తీర్చుకోవడానికి ఒక్కసారి గొడ్డలి పట్టి వచ్చిన కూలీ ఈ రెండు నిర్వచనాల్లో ఎక్కడ నిలుస్తాడు, ఒక్కసారీ అడవిలో అడుగుపెట్టని పెట్టుబడిదారు ఎక్కడ నిలుస్తాడు అన్న ప్రశ్నతో మొదలయ్యే సంక్షేపాన్ని ఏ నిర్వాహకుడూ సగంలో పక్కన పెట్టడు.

ఒంటరి పత్రం మేలా, ప్యానెల్ మేలా అన్నది మరో ప్రశ్న. ఒంటరి పత్రం పంపితే దాన్ని ఎవరి సరసన కూర్చోబెడతారో మన చేతిలో ఉండదు. మెక్సికో మాదకద్రవ్యాల పక్కన ఎర్రచందనం పడితే చర్చ మనవైపు తిరగదు. తెలుగు, తమిళ, కన్నడ ప్రాంతాల పరిశోధకులు నలుగురు కలిసి దక్షిణ భారతపు అటవీ నేరాల మీద ప్యానెల్ ప్రతిపాదిస్తే అంగీకారానికీ చర్చకూ రెండింటికీ బలం చేకూరుతుంది. దానికి కనీసం రెండు మూడు నెలల ముందు ఉత్తరాలు నడపాలి. నలుగురిలో ఒకరు చివరి నిమిషంలో తప్పుకున్నా ప్యానెల్ కుప్పకూలుతుంది.

పంపిన రెండు రోజుల్లోనే అంగీకరించి డబ్బు కట్టమనే సదస్సులను నేను ఈ పోలికలోకి తీసుకురాలేదు. సమీక్షించేవారి పేర్లు లేని చోటికి సంక్షేపం పంపవద్దు.

ఇక నా తీర్పు. క్షేత్రకార్యం ఇంకా సాగుతూ ఉంటే, చేతిలో బహిరంగ పత్రాల ఆధారంగా తేలిన ఒక భాగమైనా ఉంటే, ఈ ఏడాది ఓసీ24కు పంపండి. అధ్యాయం రాతలో ఉండి, చర్చకుడి విమర్శను తట్టుకోగలదన్న నమ్మకం ఉంటే, అప్పు చేయకుండా ప్రయాణం సాధ్యమైతే, ఈసీపీఆర్‌కు పంపండి. రెండింటికీ అర్హత ఉన్నప్పుడు నేను ఈసీపీఆర్‌నే ఎంచుకుంటాను. సమాచారదాతల భద్రతకు సంబంధించిన నైతిక అనుమతి విశ్వవిద్యాలయ సంఘం నుంచి రాతపూర్వకంగా అందకముందు మాత్రం ముఖాముఖి సంభాషణల ఆధారంగా రాసిన సంక్షేపాన్ని ఈ మూడింటిలో దేనికీ పంపవద్దు. అది గడువులోగా రాకపోతే ఆ ఏడాది సదస్సును వదులుకోవడమే సరైనది.