కరోనా ఏడాది రైతుకు: రెండు వేల నగదా, కిసాన్ కార్డు అప్పా?

2020 ఏప్రిల్‌లో పీఎం కిసాన్ కింద రైతుల ఖాతాల్లో 2,000 పడ్డాయి. మే నెలలో కిసాన్ క్రెడిట్ కార్డులపై 2 లక్షల కోట్ల రుణాలిస్తామని కేంద్రం ప్రకటించింది.

ఖర్చు: నగదు తిరిగి కట్టక్కర్లేదు. కానీ అదేమీ అదనం కాదు, ఏటా ఇచ్చే 6,000లో ఒక విడతను కాస్త ముందుగా వేశారంతే. కార్డు అప్పుకు అప్పట్లో 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 4.

శ్రమ: నగదు నేరుగా ఖాతాకే. కార్డుకు బ్యాంకు చుట్టూ తిరగాలి.

రిస్క్: పంట పోయినా అప్పు పోదు.

కౌలు రైతుకు: నగదు భూమి ఎవరి పేరున ఉంటే వారికే. కార్డు నిబంధనల్లో కౌలుదారుకూ చోటుంది, బ్యాంకు మేనేజరు ఒప్పుకుంటే!

ఇంటి సరుకులకైతే ఆ రెండు వేలు చాలు. ఖరీఫ్ పెట్టుబడికి వడ్డీ వ్యాపారి గడప తొక్కాల్సిన పరిస్థితైతే కార్డే నయం.