పాత అంబాసిడర్ పార్ట్స్ బుక్కుకు ఏది మేలు: లామినేషనా, బైండింగా, టిష్యూ అతుకా?

మార్క్ 2 అంబాసిడర్‌తో పాటు దాని కంపెనీ పార్ట్స్ బుక్కు కూడా దొరికినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. కాగితం పసుపెక్కి, మడత దగ్గర విరిగిపోతూ, పేజీ పేజీకీ గ్రీజు వేలిముద్రలతో ఉంటుంది. హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తర్‌పారా ప్లాంటులో 2014లోనే ఉత్పత్తి ఆగిపోయింది కాబట్టి కొత్తది అచ్చయ్యే మాట లేదు. అంబాసిడర్‌కు మూలమైన బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 పుస్తకం తెప్పించుకున్నా, ఇక్కడ చేసిన మార్పులు అందులో ఉండవు.

పార్ట్స్ బుక్కు ప్రాణమంతా అంకెల్లో ఉంది. క్రాంక్ బేరింగ్ స్టాండర్డ్‌కు ఒక నంబరు, 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) అండర్‌సైజుకు, అంటే అరిగిన క్రాంక్‌ను అంతమేర సన్నం చేశాక వేసేదానికి, ఒకటి, 20 థౌకు ఇంకొకటి. ‘ఫలానా ఇంజన్ నంబరు వరకు’ అనే సన్నక్షరాల గడి చెదిరిందంటే మిగతా పేజీ ఎంత బాగున్నా దండగే. ఏ పద్ధతినైనా ఈ లెక్కతోనే తూచాలి.

లామినేషన్‌ది పైమెరుగు. వంద డిగ్రీలు దాటిన వేడికి ప్లాస్టిక్ జిగురు కరిగి కాగితం పీచుల్లోకి దిగుతుంది, మళ్లీ ఊడదీయలేం. చవక గుజ్జు కాగితంలో ఉండే ఆమ్లం లోపలే ఉండి తన పని తాను చేసుకుపోతుంది. గ్రీజు మరక ఉన్నచోట జిగురు పట్టదు, బుడగ లేస్తుంది. అంచు ఒకచోట విడితే చెమ్మ లోపలికి పోయి బూజు పడుతుంది. సెలోటేప్ దీనికి తమ్ముడు: ప్లాస్టిక్ పొర రాలిపోతుంది, గోధుమరంగు జిగురు మరక మాత్రం మిగులుతుంది.

బైండింగ్ షాపువాళ్ల పని గట్టిదే. కానీ అక్కడ మూడు పక్కలా కోత వేస్తారు. ఆ కోతలో మార్జిన్‌లో పాత మెకానిక్ రాసుకున్న మారు నంబర్లు పోతాయి. మడత బొమ్మల పేజీలుంటే వాటి మడతే తెగుతుంది. పక్క కుట్టు వేస్తే లోపలి అంచు ఒక సెంటీమీటరు దాకా మింగేస్తుంది. పురుగు పట్టకుండా మైదా బంకలో మైలుతుత్తం కలిపే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, అందులోని రాగి కాగితాన్ని మరింత త్వరగా పెళుసు చేస్తుంది. తప్పదనుకుంటే కోత వద్దని, ఫెవికాల్ వద్దని ముందే చెప్పి, మడతల మీదుగా దారంతో కుట్టించండి.

వేడి బదులు ఎసిటోన్‌తో పొర అతికించే సాల్వెంట్ లామినేషన్ ఆర్కైవ్స్‌లో ఒకప్పుడు బాగా వాడినదే, కానీ ఎసిటోన్‌కు సిరా కరుగుతుంది కాబట్టి బాల్‌పెన్ రాతలున్న పుస్తకానికి పనికిరాదు.

నా మొగ్గు టిష్యూ అతుకు వైపే, అంటే చిరుగు మీద పల్చటి కాగితం అతికించడం. 9 నుంచి 12 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) జపనీస్ టిష్యూ, మిథైల్ సెల్యులోజ్ బంక చాలు. 100 మిల్లీలీటర్ల నీటికి 3 గ్రాముల పొడి. మూడో వంతు వేడినీళ్లలో పొడి చల్లి కలిపి, మిగతాది చన్నీళ్లు పోసి రాత్రంతా వదిలేయాలి. మొత్తం చన్నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. టిష్యూను కత్తెరతో కోయకండి. తడి బ్రష్‌తో గీత గీసి ఆ గీత వెంట చేత్తో చింపితే అంచున పీచులు లేస్తాయి, అవే పట్టు. బంక పల్చగా రాసి, చిరుగు మీద పరిచి, పైనా కిందా నాన్‌వోవెన్ గుడ్డ, బ్లాటింగ్ పేపరు, ఆపైన గాజుపలక, బరువు. బంక ఎక్కువైతే కాగితం ముడుచుకుంటుంది, తడి ఆగినచోట గోధుమగీత పడుతుంది. డీలరు రబ్బరు స్టాంపు సిరా నీటికి కారుతుంది, అందుకే తడి దూదిపుల్లతో ఒక మూల ముందు అద్ది చూడండి. ఇంత పల్చటి టిష్యూ అచ్చు మీద పడ్డా అంకె చదవొచ్చు, తర్వాత తడిపితే ఊడొస్తుంది.

అయితే అతుకు వేసేముందే స్కాన్ కావాలి. తుప్పుపట్టిన పిన్నుల కాళ్లు వెనకనుంచి మొద్దు బ్లేడుతో లేపి తీయండి, లాగితే చుట్టూ కాగితం ఊడొస్తుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, వెనక పేజీ అచ్చు కనబడకుండా నల్లకాగితం పెట్టి, ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద గ్రేస్కేల్‌లో (బూడిదరంగు ఛాయలతో) తీయాలి. పట్టికలకు 400 డీపీఐ (అంగుళానికి చుక్కలు), విడిభాగాల బొమ్మలకు 600. ఏ4 పేజీ 600లో టిఫ్ ఫైలుగా సుమారు 35 ఎంబీ, 400లో 15 ఎంబీ పైచిలుకు. 300 పేజీల పుస్తకం 5 నుంచి 10 జీబీ, ఒక పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. జాగా కోసం నలుపు-తెలుపు మోడ్‌కు పోకండి. కొన్ని కుదింపు పద్ధతులు ఒకేలా కనిపించే గుర్తులకు ఒకే ముద్ర వాడతాయి. జెరాక్స్ కంపెనీ మెషీన్లలోనే 6 బదులు 8 పడుతోందని 2013లో బయటపడింది. మసకగా ఉంటే అనుమానిస్తాం, కానీ అక్కడ తప్పు అంకె స్ఫుటంగా కనిపిస్తుంది! క్రాంక్ గ్రైండింగ్ తర్వాత బేరింగ్ ఆర్డరు పెట్టేవాడికి ఇంతకంటే ప్రమాదం లేదు. ఫోన్ యాప్‌ల ‘మ్యాజిక్’ ఫిల్టర్లూ సన్నగీతలు తుడిచేస్తాయి.

షెడ్డులో వాడటానికి ఈ స్కాన్ ప్రింటు తీసి, కావాలంటే దాన్నే లామినేట్ చేయించి స్పైరల్ వేసుకోండి, గ్రీజు చేతులు దానికి. అసలు పుస్తకం పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టాలి. పీవీసీ కవరైతే అచ్చు సిరా దానికి అంటుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల బీరువాను గోడకు ఆనించకండి. పెట్టెలో చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసి, వానాకాలంలో నెలకోసారి తీసి వేడిచేసి మళ్లీ వేయండి.