వెన్నుపాము దెబ్బ మెదడును ఏం చేస్తుంది: చూడటానికి ఏ స్కాన్ మేలు?

కోనసీమలో దింపు కార్మికుల ఇళ్ల నుంచి, ఫిజియోథెరపీ చదివే పిల్లల నుంచి ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల మెదడులో మార్పులు చూడాలంటే మెదడు పనిచేస్తుండగా తీసే ఫంక్షనల్ ఎమ్మారై మేలా, మామూలు ఎమ్మారై మేలా, తలకు తీగలు అంటించి మెదడు విద్యుత్ సంకేతాలు నమోదు చేసే ఈఈజీ సరిపోతుందా? ఇది పరిశోధన కోసం తీసే స్కాన్. దీంతో వైద్యం మారుతుందని ఇంట్లోవాళ్లు ఆశ పెట్టుకోవద్దు.

అందరి మోజూ ఫంక్షనల్ ఎమ్మారై మీదే. కాలు కదలని మనిషిని "కదుపుతున్నట్టు ఊహించుకో బాబూ" అంటే, చాలామందిలో కదలికలు నడిపే భాగం ఇప్పటికీ స్పందిస్తుంది. ఆ బొమ్మ చూస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. అయితే 1990లో జపాన్ శాస్త్రవేత్త సీజీ ఒగావా చూపిన సూత్రం ప్రకారం ఈ స్కాన్ పట్టుకునేది రక్తంలోని ఆక్సిజన్ తేడాని. ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస దగ్గరో, ఆ పైనో దెబ్బ తగిలినవాళ్లకు బీపీ అదుపు తప్పుతుంది. మూత్రాశయం నిండినా బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. కాళ్లు బిగుసుకుని ఎగిరిపడితే తలా కదులుతుంది. బీపీ మారితే మెదడులో రక్తప్రవాహమూ మారొచ్చు కాబట్టి, కనబడిన తేడా మెదడు పనిదా, బీపీదా అని తేల్చడం చాలా కష్టం. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే.

అందుకే నా మొగ్గు మెదడు పరిమాణాన్ని కొలిచే మామూలు ఎమ్మారై వైపు. అదీ దెబ్బ తగిలిన తొలి వారాల నుంచి విడతలుగా తీస్తేనే. 2013లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం వెన్నుపాము దెబ్బతిన్న 13 మందిని ఏడాదిపాటు ఇలాగే గమనించింది. వెన్నుపాముతోపాటు మెదడులో కదలికల భాగమూ తొలి నెలల్లోనే పరిమాణంలో తగ్గుతూ వచ్చింది. వెన్నుపాములో నష్టం తక్కువున్నవాళ్లు సొంత పనులు చేసుకోవడంలో ఎక్కువ మెరుగయ్యారు. మనుషులు తక్కువే, కానీ మార్పు ఎప్పుడు మొదలవుతుందో ఒక్క స్కాన్‌తో తెలిసేది కాదు. పైగా రోగి ఏమీ ఊహించక్కర్లేదు, కొద్ది నిమిషాలు కదలకుండా పడుకుంటే చాలు. నడుములో టైటానియం రాడ్లున్నా వాటి నీడ తలదాకా రాదు.

ఈఈజీ మెదడు స్పందనల్లో మిల్లీసెకన్ల తేడానూ పట్టుకుంటుంది, పరికరాన్ని పంటు మీద లంక గ్రామాలకూ తీసుకెళ్లొచ్చు. కాకపోతే మార్పు ఎక్కడ జరిగిందో కచ్చితంగా చెప్పలేదు. ఒంట్లోకి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసే పెట్ స్కాన్‌లో రేడియేషన్ ఉంది, మళ్లీ మళ్లీ తీయడానికి పనికిరాదు.

ఏ ఎమ్మారైకి ఒప్పుకున్నా ముందు మూత్రాశయం ఖాళీ చేయించండి. ఒంట్లో ఏ లోహం ఉందో రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. స్పర్శ లేని పిరుదుల కింద, మడమల కింద మెత్త వేయమని టెక్నీషియన్‌ను గట్టిగా అడగండి.