పుణె నుంచి బెజవాడ: కారు సుఖంగా వచ్చింది, సామాన్లే ఏడిపించాయి

ఉద్యోగం మారి పుణె నుంచి విజయవాడకు కారులో రావాలనుకునేవాళ్లు రోడ్డు గురించి టెన్షన్ పడక్కర్లేదు. 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా వెళుతుంది. మనకు పడేది దాదాపు 840 కిలోమీటర్లు. భయపడాల్సింది సామాన్లు తరలించే ప్యాకర్ల గురించి. మా ఇంటి సామానంతా లారీలో పెట్టుకుని, రాత్రి పదకొండు గంటలప్పుడు విజయవాడ పటమటలోని మా వీధిలో మమ్మల్ని నిలబెట్టి డబ్బు గుంజాలని చూశారు. ఆ మంట నాకు ఇంకా చల్లారలేదు.

బదిలీ నాది. మా వారు ఇంటి నుంచే పని చేస్తారు కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మా బాబుకి. స్నేహితుల్ని వదిలి రావడం వాడికి సుతరామూ ఇష్టం లేదు. బయల్దేరిన దగ్గర్నుంచి వెనక సీట్లో మూతి ముడుచుకుని కూర్చున్నాడు. భిగ్వణ్ దాటాక ఉజని జలాశయం నీళ్లు కనిపిస్తే అప్పుడు నోరు విప్పాడు. అత్తయ్య గారు మాత్రం సొంత ప్రాంతానికి వెళుతున్నామని పుణె వదిలినప్పటి నుంచి ఉషారుగా ఉన్నారు.

మధ్యాహ్నం బయల్దేరాం కాబట్టి రాత్రికి షోలాపూర్‌లో ఆగాం. గది 1,900, కారు కాంపౌండ్ లోపలే, గేటు దగ్గర రాత్రంతా మనిషి ఉన్నాడు. దుప్పట్లు ఉతికినవి, వేడినీళ్లు అడక్కుండానే వచ్చాయి. ఇక భోజనం గురించి చెప్పాలి. ప్లేటు 170. పెనం మీంచి తీసిన జొన్న భాక్రీ, వంకాయ కూర, పచ్చి ఉల్లిపాయ, పక్కన షోలాపూర్ శేంగా చట్నీ. చట్నీ అంటారు గానీ అది మన వేరుశనగ పొడి లాంటిది. వెల్లుల్లి, ఎండుకారం వేసి నూనె తేలేదాకా దంచుతారు. అత్తయ్య గారు పల్నాడు మనిషి. ఒక ముక్క నోట్లో పెట్టుకుని "మా అమ్మ కాల్చిన జొన్నరొట్టె తిని ఎన్నేళ్లయిందమ్మా" అంటూ ఇంకో రెండు అడిగి వేయించుకున్నారు. ఆవిడ అంత తృప్తిగా తినడం నేను ఈ మధ్య చూడలేదు. అరకిలో పొడి 180కి కట్టించుకున్నాం. షోలాపూర్‌లో ఆగితే ఇది తినకుండా రావద్దు.

మర్నాడు ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్, ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగడం, సూర్యాపేట, కోదాడ, అన్నీ సాఫీగా గడిచిపోయాయి. ఔటర్ ఎక్కితే హైదరాబాద్ ట్రాఫిక్ తప్పుతుంది. ఊళ్లోంచి వెళ్లాలని మాత్రం అనుకోవద్దు. పెట్రోలు హుమ్నాబాద్‌లో నింపుకోండి, కర్ణాటకలో చవక. ఏపీలో లీటరు ధర దేశంలోనే బాగా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి, కాబట్టి గరికపాడు చెక్‌పోస్టు దాటకముందే కోదాడలో ఇంకోసారి పోయించుకున్నా లాభమే. మాకు పెట్రోలుకు మొత్తం 6,200 అయింది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఇస్తున్న ఫాస్టాగ్ వార్షిక పాస్ (మొదలైనప్పుడు 3,000 రూపాయలు) బయల్దేరే ముందే తీసుకున్నాం. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర, వరసగా ఏ టోల్ దగ్గరా డబ్బు కట్ కాలేదు. ఔటర్ రింగు రోడ్డుకి మాత్రం ఈ పాస్ పనికిరాదు, అక్కడ మామూలుగానే కట్ అవుతుంది.

ఇక అసలు గోల.

ప్యాకర్లతో మాట్లాడుకున్నది 42,000. ప్యాకింగ్, లోడింగ్, రవాణా, రెండో అంతస్తుకి మోసి పెట్టడం, అన్నీ అందులోనే అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఇచ్చారు. 25,000 అడ్వాన్సు. పైన ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ (దారిలో సామాను పాడైతే ఇచ్చే బీమా) అని సామాను విలువ మూడు లక్షలుగా వేసి దాని మీద మూడు శాతం, అంటే 9,000 తీసుకున్నారు. లారీ విజయవాడ చేరాక వాళ్ల సూపర్‌వైజర్ ఫోను చేసి ఇంకో 16,500 కావాలన్నాడు. స్టేట్ ఎంట్రీ ట్యాక్స్ 6,500, పెద్ద లారీ వీధిలోకి రాదని చిన్న బండిలోకి మార్చినందుకు 5,500, మెట్లు ఎక్కించడానికి 4,500. ఇవ్వకపోతే తాళం తీయరట, సామాను గోడౌన్‌కి వెళ్లిపోతుందట, రోజుకింత అద్దె పడుతుందట.

ఎంట్రీ ట్యాక్స్ అనేది 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడే దానిలో కలిసిపోయింది. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కూడా అవసరం లేదని నిబంధనల్లోనే ఉంది. ఆ మాటే చెప్పాను. "మేడమ్, మీకు తెలీదు, బోర్డర్‌లో కట్టాం" అన్నాడు. రసీదు పంపమంటే ఫోను కట్. అత్తయ్య గారు మెట్ల మీద కూర్చుండిపోయారు, బాబు నిద్రకి ఏడుపు మొదలుపెట్టాడు, మా వారు "పోనీ ఇచ్చేద్దాం, రాత్రి పూట ఎందుకీ గొడవ" అన్నారు. నేను ఒప్పుకోలేదు.

మమ్మల్ని ఆదుకున్నది ఇంటి ఓనరు గారే. ఆయన ఆటోనగర్‌లో చాలాకాలం లారీల వ్యాపారం చేసిన పెద్దమనిషి. కిందకి దిగి వచ్చి సూపర్‌వైజర్‌తో మాట్లాడనే లేదు. నేరుగా డ్రైవర్ దగ్గరికి వెళ్లి "ఏం తమ్ముడూ, ఎల్‌ఆర్ (లారీ రసీదు) చూపించు. కిరాయి ఎంతకి ఒప్పుకున్నావు, ఎంత ముట్టింది?" అని అడిగారు. అప్పుడు తెలిసింది. ఆ లారీ ప్యాకర్లది కాదు. బ్రోకర్ ద్వారా పార్ట్ లోడ్‌గా, అంటే వేరేవాళ్ల సరుకుతో కలిపి మా సామాను వేయించారు, డ్రైవర్‌కి కిరాయిలో సగమే ఇచ్చి మిగతాది పార్టీ దగ్గర, అంటే మా దగ్గర తీసుకోమన్నారు. ఎంట్రీ ట్యాక్స్ అంటూ ఎక్కడా ఒక్క రూపాయి కట్టలేదని ఆ అబ్బాయే చెప్పాడు. "అమ్మా, మీరు ఇవ్వాల్సిన 17,000లోంచి ఇతని బాకీ ఇతనికే ఇచ్చి కాగితం రాయించుకోండి, మిగిలింది వాళ్లకు వేయండి" అన్నారు ఓనరు గారు. అలాగే చేశాం. తాళం తీశారు. మోసిన కుర్రాళ్లకు మాత్రం 1,000 ఇచ్చాను, అర్ధరాత్రి దాటినా ఓపిగ్గా పైకి చేర్చారు.

పొద్దున విప్పి చూస్తే టీవీ తెర పగిలి ఉంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కి వెనక ట్రాన్సిట్ బోల్టులు (డ్రమ్ము కదలకుండా పట్టి ఉంచేవి) బిగించకుండానే ఎక్కించారు, డ్రమ్ము కదిలిపోయి మెకానిక్‌కి 3,800 అయింది. ఇన్సూరెన్స్ పాలసీ నంబరు ఇవ్వమంటే ఇప్పటికీ సమాధానం లేదు. 9,000 తీసుకుని అసలు పాలసీయే చేయలేదనే నా నమ్మకం. 1915 కి ఫోను చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను, తెలుగులోనే మాట్లాడారు. రోడ్డు రవాణా చట్టం ప్రకారం నష్టపరిహారం అడగాలంటే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అదీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మీరు సామాను ఎక్కించే రోజే లారీ నంబరు, డ్రైవర్ ఫోను, ఎల్‌ఆర్ కాపీ, ఇన్సూరెన్స్ కంపెనీ పేరుతో ఉన్న పాలసీ కాగితం చేతిలో పడితేనే లారీని కదలనివ్వండి. ఉత్త రసీదు మీద "ఇన్సూరెన్స్" అని రాసి ఉంటే దానికి విలువ లేదు.

ఇల్లు వెతుక్కునేవాళ్లు అద్దె కంటే ముందు 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లు ఆ వీధిలోకి ఎంతవరకు వచ్చాయో అడగండి, ఓనర్లని కాదు, పక్కన కిరాణా కొట్టువాళ్లని. సింగ్ నగర్ వైపు మాకు నచ్చిన ఇల్లు 13,000కే వస్తోంది, గోడ మీద మరక చూసి అత్తయ్య గారు వద్దన్నారు. పటమటలో 17,500 అయినా నాకు బాధ లేదు, ఇలాంటి ఓనరు దొరకడం అదృష్టం.

కారు సంగతి కూడా త్వరగా తేల్చుకోండి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాల్సిందే. దానికి పుణె ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి, లోను ఉంటే బ్యాంకు అనుమతి కూడా. ఇవి అక్కడున్నప్పుడే తెచ్చుకుంటే మళ్లీ తిరగక్కర్లేదు. ఇక్కడ జీవితకాల పన్ను బండి వయసును బట్టి కట్టాక, మహారాష్ట్రలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. నంబరు మారగానే ఫాస్టాగ్‌లోనూ మార్పించుకోవాలి, వార్షిక పాస్ ఆ బండి నంబరుకే ముడిపడి ఉంటుంది.