టర్బోనా, 9000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజినా?
హైదరాబాద్‌లో స్పోర్ట్స్ కారు రోజూ నడపడానికైతే టర్బోదే (ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం) పైచేయి, అందులో నాకు అనుమానం లేదు. ఫెరారీ 458లో 540 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) పూర్తిగా అందాలంటే 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా వెళ్లాలి, దాని తర్వాత వచ్చిన 488 జీటీబీ టర్బోలతో 3000 దగ్గరే, పై గేర్‌లో, 760 ఇచ్చేస్తుంది, అంటే గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాలు అలా ఆనిస్తే చాలు. పైగా మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కదా, గాలి కాస్త పలచన; టర్బో లేని ఇంజిన్‌కి ఆ మేరకు పవర్ తగ్గుతుంది, టర్బో ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. మే ఎండల్లో మాత్రం దానికీ ఇబ్బందే, టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ బాగా వేడెక్కితే ఈసీయూ (ఇంజిన్‌ని నియంత్రించే కంప్యూటర్) పవర్ తగ్గించేస్తుంది.

కానీ నడిపే ఆనందం? పోర్షే 911 జీటీ3 చూడండి. 4 లీటర్ల ఇంజిన్, టర్బో లేదు, 9000 దాకా తిరుగుతుంది. పెడల్ ఎంత తొక్కితే అంతే, వెంటనే. 6000 దాటాక గొంతు మారి, ఆర్‌పీఎం సూది గరిష్ఠ హద్దు చూపే ఎర్రగీత వైపు ఎగబాకుతుంటే ఇంకా తొక్కాలనిపిస్తుంది, చాలా టర్బోల్లో ఆపాటికి ఊపు తగ్గడం మొదలవుతుంది. చిక్కేంటంటే ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు, మూడో గేర్‌లో 9000 చూడకముందే అది దాటిపోతాం. చెన్నై ట్రాక్‌కి అప్పుడప్పుడైనా వెళ్లే ఓపిక ఉంటే జీటీ3నే కొనండి.