ముందు చక్రాలకు ఒక చుట్టు ఎక్కువ: క్రాలర్ గేర్‌బాక్స్ మార్చిన రెండేళ్ల తర్వాత

రాళ్లెక్కే నా రిమోట్ బండికి, అంటే క్రాలర్‌కు, గేర్‌బాక్స్ మార్చి వచ్చే నెలకు రెండేళ్లు నిండుతాయి. మార్చిన కొత్తలో కనబడిన ప్రతివారికీ ఇనుప గేర్ల గొప్ప గురించి చెప్పాను. ఇకమీదట స్క్రూడ్రైవర్‌తో పనే లేదన్నంత ధీమాగా చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇనుము సంగతి రెండు మాటల్లో తేల్చేసి, ముందు చక్రాలు వెనకవాటికంటే కాస్త వేగంగా తిరిగే ఓవర్‌డ్రైవ్ గురించి మాత్రం విన్నవారికి విసుగు పుట్టేదాకా చెబుతున్నాను. డబ్బు పెట్టింది ఒకదానికి, సుఖపడింది మరొకదానివల్ల. ఈ సమీక్ష ఆ రెండో దాని గురించే.

గేర్‌బాక్స్ మార్చవలసి రావడానికి కారణం నా స్వయంకృతమే. నాది పదో వంతు కొలతలో చేసిన బండి. అందులో వచ్చినది అందరూ ఎరిగిన పాత మూడు గేర్ల అమరిక: 20, 28, 52 పళ్లు, అంటే లోపల 2.6 నిష్పత్తి. ఇరుసుల్లో 13కు 38, అంటే దాదాపు 2.92. మోటారుకు ఉన్న 15 పళ్ల పినియన్ అనే చిన్న గేరు, స్పర్ అనే 56 పళ్ల పెద్ద గేరును తిప్పినంత కాలం, మోటారు రమారమి 28 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది. బండి రాళ్ల మీద ఇంకా నెమ్మదిగా, ఇంకా పట్టుగా పాకాలన్న ఆశతో ఆ పినియన్ తీసి 12 పళ్లది వేశాను. నిష్పత్తి 35 దాటింది. చవకలో ఇంతకంటే మంచి మార్పు లేదని అప్పట్లో సంబరపడ్డాను. మెలితిప్పే బలం పెరిగితే దాన్ని మోయవలసింది స్పర్ వెనకనున్న ప్లాస్టిక్ పళ్లేనన్న సంగతి నాకు తట్టలేదు.

మూడో వారమో నాలుగో వారమో, హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల్లో రెండు బండరాళ్ల నడుమ ముందు కుడి చక్రం ఇరుక్కుంది. వెనక్కి తీయవలసింది పోయి, మొండిపట్టుతో రిమోట్ నొక్కాను. టకటకమని నాలుగైదు చప్పుళ్లు వినిపించాయి. ఆ తర్వాత మోటారు హాయిగా పాడుతోంది, చక్రాలు మాత్రం కదలవు. ఇంటికొచ్చి డబ్బా విప్పితే నడిమి గేరుకు ఒక పక్కన వరసగా ఆరు పళ్లు లేవు. అవి గ్రీజులో మునిగి, అన్నంలో వచ్చిన రాళ్లలా చేతికి తగిలాయి.

ఆ కోపంలోనే అల్యూమినియం డబ్బాలో ఉక్కు గేర్లున్న గేర్‌బాక్స్ తెప్పించాను. ముందు ఇరుసుకు వెళ్లే షాఫ్టును వేరే గేరు తిప్పే రకం అది. పాతదానిలో ఒకే షాఫ్టు రెండు కొసలూ ముందుకూ వెనక్కూ వెళ్లేవి కాబట్టి నాలుగు చక్రాలూ ఒకే వేగంతో తిరగక తప్పేది కాదు. కొత్తదానిలో ముందు చక్రాలు వెనకవాటికంటే కొంచెం వేగంగా తిరుగుతాయి. దీన్నే ఓవర్‌డ్రైవ్ అంటారు. కొనేటప్పుడు ఆ మాటను నేను పట్టించుకోలేదు. ఉక్కు అన్న ఒక్క మాట చూసి కొన్నాను.

బిగించడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక సాయంత్రం సరిపోయింది. పినియన్‌కూ స్పర్‌కూ మధ్య చిన్న కాగితం ముక్క పెట్టి, దగ్గరకు నొక్కి, మోటారు స్క్రూలు బిగించి, కాగితాన్ని లాగేస్తే పళ్ల మధ్య ఉండవలసిన సందు ఉంటుంది. కాగితం చిరగకుండా గేరు ముద్రలతో మడతలు పడి బయటికి వస్తే సరిగ్గా కూర్చున్నట్టే. లోహం లోహాన్ని తాకే చోట స్క్రూలకు నీలం రంగు లాకింగ్ జిగురు తప్పనిసరి. నేను ఒక స్క్రూకు మరిచిపోతే అది రెండో ఆదివారానికే గుట్ట మీద రాలిపోయింది.

ఇక అసలు సంగతి. బిగించిన రాత్రి బండిని ఒక డబ్బా మీద ఎత్తి పెట్టి, ముందు చక్రం మీదా వెనక చక్రం మీదా సుద్దముక్కతో గీతలు గీసి, స్పర్ గేరును వేలితో నెమ్మదిగా తిప్పాను. వెనక గీత పదిసార్లు కిందికొచ్చేసరికి ముందు గీత పదకొండోసారి వచ్చి కాస్త దాటింది. ఇంతేనా అనిపించింది. పదిలో ఒక చుట్టు తేడాతో ఏమొస్తుందని పడుకున్నాను.

ఖాజాగూడలో చెరువు వైపు దిగే చోట ఒక బండ ఉంది. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న ఈ దక్కన్ గ్రానైట్ ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి గుండ్రబడుతుంది. అందుకే మన గుట్టల్లో పట్టు దొరికే అంచులు తక్కువ, నున్నటి నడుములు ఎక్కువ. ఆ బండ నడుము ఎక్కగానే ఎడమకు తిరగాలి, తిరగకపోతే కింద పగులులో పడాలి. పాత గేర్‌బాక్స్‌తో ఆ మలుపు నాకు ఏనాడూ దక్కలేదు. మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఇరుసుల్లో లేకుండా రెండు చక్రాలూ కట్టేసి ఉంటాయి కాబట్టి, ఎంత తిప్పినా వెనక ఇరుసు బండిని తిన్నగా ముందుకు నెట్టేది, ముందు చక్రాలు పక్కకు తిరిగి ఉండి కూడా జారుతూ తిన్నగానే పోయేవి. కొత్త గేర్‌బాక్స్‌తో మొదటిసారే అది తిరిగింది. ముందు చక్రాలు నెట్టించుకోవడం మానేసి తామే లాగాయి. వెనక భాగం చెయ్యి పట్టుకున్న చిన్నపిల్లలా వాటి వెంట వచ్చింది. నేను నమ్మలేక బండిని కిందికి తెచ్చి అయిదుసార్లు ఎక్కించాను. నాలుగుసార్లు ఎక్కింది.

నిటారు ఎక్కుడులో దీని మేలు ఇంకా బాగా తెలుస్తుంది. ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వాలి, వెనక చక్రాలు బండిని తమ కిందనుంచి తోసేసి వెల్లకిలా పడేస్తాయి. ముందు చక్రాలు ముందుగా లాగితే ముక్కు రాయిని విడిచిపెట్టదు. వెల్లకిలా పడడం పూర్తిగా పోయిందని అనను కానీ, గంటకు పదిసార్లు లేచి వెళ్లి బండిని తిరగేసే నా నడుముకు ఆ తేడా తెలిసింది.

ఇంతవరకూ చెప్పిన ప్రశంసలో ఒక భాగాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. ఓవర్‌డ్రైవ్‌కు నష్టమే లేదని ఆ రోజుల్లో నలుగురికీ చెప్పాను. అది గుట్ట మీద నిజం. మా అపార్ట్‌మెంటు సెల్లారులో అబద్ధం.

మొన్నటి వేసవి సెలవుల్లో మా మేనల్లుడు నెల రోజులు మా ఇంట్లో ఉన్నాడు. వాడికి పన్నెండేళ్లు. ఎండకు గుట్టకు వెళ్లలేక, పొద్దున్నా సాయంత్రమూ బండిని సెల్లారులో సిమెంటు నేల మీద తిప్పేవాడు. రాయి మీదా మొరం మీదా అయితే ముందు చక్రాలు తిరిగే ఆ అదనపు చుట్టు కొంచెం జారి సర్దుకుంటుంది. గరుకు సిమెంటు మీద మెత్తటి టైర్లు జారవు. ముందు ఇరుసు పదకొండు చుట్ల దూరం పోవాలంటుంది, వెనక ఇరుసు పది చుట్ల దగ్గరే ఆగమంటుంది. ఆ పెనుగులాట అంతా మధ్యలో ఉన్న షాఫ్టుల్లో, పిన్నుల్లో, గేరు పళ్లలో బిగుసుకుంటుంది. వారం తిరగకముందే వాడు వచ్చి, “మామయ్యా, బండి మూలుగుతోంది” అన్నాడు. ఉక్కు గేర్లు అలాగే మోగుతాయిరా అని కొట్టిపారేశాను. నిజానికి ఉక్కు గేర్లు మోగుతాయి. పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నట్టుండే ఆ మోతకు అలవాటుపడి, దానిలో కొత్త మూలుగును వేరుగా వినడం మానేశాను.

జూన్‌లో మొదటి వాన పడ్డాక మళ్లీ గుట్టకు వెళ్లాం. అదే బండ, అదే మలుపు. నడుము దాకా ఎక్కి, ముక్కు పైకి లేచి, బండి ఒక్క క్షణం ఆగి, వెల్లకిలా పడి అయిదడుగులు దొర్లింది. ముందు బ్యాటరీని అనుమానించాను, తర్వాత స్పీడ్ కంట్రోలర్‌ను. చివరికి బండిని చేతిలోకి తీసుకుంటే ముందు చక్రాలు వేలితో తోయగానే సైకిలు చక్రంలా వదులుగా తిరిగాయి. వెనకవి మాత్రం మోటారుకు పట్టుకొని గట్టిగా ఉన్నాయి. గేర్‌బాక్స్ నుంచి ముందుకు వచ్చే షాఫ్టును పట్టి ఉంచే 2 మిల్లీమీటర్ల పిన్ను విరిగింది. దాని ముక్కను అరచేతిలో పెట్టుకొని చూస్తే విషయం అర్థమైంది. అది ఒక్క దెబ్బకు విరిగింది కాదు. షాఫ్టు రంధ్రం అంచులు తగిలే రెండు చోట్లా నడుం కట్టినట్టు సన్నటి గాడి పడి ఉంది. నెల రోజులు అటూ ఇటూ నలిగి, సగం అరిగి, మిగిలిన సగం ఆ రోజు తెగింది. ముందు ఇరుసు విప్పితే అక్కడి పినియన్ పళ్ల ఒక వైపు అద్దంలా మెరుస్తోంది. అదీ సెల్లారు పుణ్యమే.

ఇంట్లో అరిగిపోయిన 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ కాడను కోసి తాత్కాలికంగా పిన్నుగా వేశాను. శాశ్వతంగా చేయించుకుందామని బాలానగర్‌లో ఒక చిన్న లేత్ పనివారి దగ్గరకు ఆ ముక్కలు పట్టుకుపోయి, విరగనే విరగని గట్టి పిన్నులు కావాలన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, విరిగిన పిన్నునూ షాఫ్టునూ చాలాసేపు చూసి, “పిన్ను ఉండేదే విరగడానికి సార్, దాన్ని గట్టిపరిస్తే రేపు షాఫ్టు విరుగుద్ది” అన్నారు. కాల్చి ముంచి గట్టిపరచని సిల్వర్ స్టీల్ అనే ఉక్కు కడ్డీతో పది పిన్నులు కోసిచ్చారు. ఇనుప గేర్లతో విరుగుడు తప్పిపోదని, విరిగే చోటు మాత్రం మారుతుందని నేను రెండేళ్ల కిందటే రాయవలసింది. ప్లాస్టిక్ గేరు పోతే డబ్బా మొత్తం విప్పాలి, పిన్ను పోతే ఒక స్క్రూ విప్పితే చాలు. ఆ లెక్కన ఈ మార్పు లాభమే.

చక్రం ఇరుక్కుంటే తాను జారి గేర్ల మీద భారం తగ్గించే స్లిప్పర్ క్లచ్ విషయంలోనూ నా అలవాటు మారింది. ఉక్కు వచ్చింది కదా అని దాని నట్టును చివరిదాకా బిగించి ఉంచేవాణ్ని. ఇప్పుడు పావు చుట్టు వదులు చేశాను. చక్రం ఇరుక్కున్నప్పుడు కీచుమని జారుతుంది, వినడానికి బాగుండదు, కానీ ఆ తర్వాత పిన్నులు ఎక్కువ కాలం వస్తున్నాయి.

మరో రెండు చిన్న సంగతులు. మన ఎండలకు పల్చటి గ్రీజు పనికిరాదు. మే నెల మధ్యాహ్నం బండ మీద పెట్టిన అల్యూమినియం డబ్బాను చేత్తో పట్టుకోలేం, లోపలి గ్రీజు కరిగి సీలు అంచునుంచి కారి, దానికి మొరం పొడి అంటుకొని సాన పట్టే ముద్దలా తయారవుతుంది. చిక్కటి గ్రీజు వేసి, ఆరు నెలలకొకసారి విప్పి తుడుస్తున్నాను. విప్పనక్కర్లేదని ఒకప్పుడు అన్నాను కానీ, ఇప్పటికి నాలుగుసార్లు విప్పాను. రెండోది బరువు. లోహపు డబ్బా చాసిస్ మధ్యలో ఎత్తున కూర్చుంటుంది కాబట్టి, ముందు ఇరుసుకు ఇత్తడి దిమ్మలు వేసేదాకా పక్కవాలులో బండి ఇదివరకటికంటే తొందరగా ఒరిగేది. ఆ ఇత్తడి ఖర్చును కూడా గేర్‌బాక్స్ ఖాతాలోనే రాసుకోవాలి.

ఖర్చంటే గుర్తొచ్చింది, విదేశాల నుంచి తెప్పించే బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. మనం ఎంత యంత్రమని చెప్పుకున్నా కస్టమ్స్ కంటికి ఇది బొమ్మే. రెండు ఆర్డర్లకు బదులు ఒక్కసారే అన్నీ తెప్పించుకోకపోవడం నా పొరపాటు. గేర్‌బాక్స్, ఇత్తడి, అదనపు బేరింగులు కలిపి బండి ధరలో మూడో వంతు దాకా అయింది.

కొనవచ్చా అని అడిగితే నా పరిస్థితి చెప్పి ఊరుకుంటాను. నాకు గుట్ట ఇరవై నిమిషాల దూరంలో ఉంది, నెలకు మూడు ఆదివారాలు వెళతాను, వేగం అక్కర్లేదు, మోత పట్టించుకోను. నాలాంటివారికి ఓవర్‌డ్రైవ్ కోసమే ఇది తగును, ఉక్కు కోసం అయితే సందేహమే. మేడ మీదా, సెల్లారులోనూ తిప్పేవారికి పాత మూడు గేర్ల డబ్బాయే మేలు. విరిగితే కొత్త ప్లాస్టిక్ గేరు వేసుకోవచ్చు, ఖర్చు తక్కువ. నేను పాతదాన్ని పారేయలేదు. దానికి కొత్త నడిమి గేరు, మళ్లీ 15 పళ్ల పినియనూ వేసి, ఒక పాత చాసిస్‌కు బిగించి మా మేనల్లుడికిచ్చాను. సెల్లారులో ఇప్పుడు అదే తిరుగుతోంది, మూలగడం లేదు. నా బండిలో లేత్ ఆయన ఇచ్చిన మూడో పిన్ను ఉంది, విడిగా ఇంకా ఏడున్నాయి.