వేడి కుప్పా, వానపాముల తొట్టా, గుంటా: ఇంటి చెత్తకు ఏది మేలు?

ఎరువు ఎన్నాళ్లకు చేతికొస్తుందో చూసి పద్ధతి ఎంచుకుంటే చాలా ఇళ్లలో కుదరదు. ముందు చూడాల్సింది చెత్త ఎలా వస్తోందన్నది. రోజూ గుప్పెడు తొక్కలా, ఒక్కసారిగా బస్తాల కొద్దీ ఆకులా?

చెత్త బస్తాల్లో వచ్చేవాళ్లకు వేడి కుప్ప. పొడవు, వెడల్పు, ఎత్తు తలా మీటరు ఉంటే తప్ప లోపల పుట్టిన వేడి నిలవదు. రోజుకు అరకిలో చొప్పున వేస్తూపోతే ఆ కుప్ప ఎన్నటికీ వేడెక్కదు, ఊరికే మెల్లగా చివుకుతుంది. సరుకంతా ముందే పోగేసి ఒకే రోజు పేర్చాలి: రెండు మూడు వంతులు ఎండుటాకులు, చింపిన అట్టలు, ఒక వంతు కూరగాయల తొక్కలు, పచ్చగడ్డి. ఈ పాళ్లలో కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి సుమారు 30:1కి దగ్గరగా వస్తుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కారితే తడి ఎక్కువైనట్టే.

రెండు మూడు రోజుల్లో నడిమధ్య 55–65 డిగ్రీలకు చేరుతుంది. 55 పైన కనీసం మూడు రోజులుంటే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. కానీ అంచులు చల్లగానే ఉంటాయి. తిరగేసేటప్పుడు అంచుల సరుకు లోపలికి, లోపలిది బయటికి రాకపోతే, ఎరువుతోపాటు కలుపునూ మళ్లకు చల్లుకున్నట్టే. 70 దాటితే చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులే చస్తాయి, వెంటనే తిరగెయ్యాలి. అమ్మోనియా ఘాటు వస్తే ఎండుటాకులు కలపాలి. కుళ్లిన గుడ్ల కంపు వస్తే గాలి ఆడటం లేదని అర్థం. తిరగేసే ఓపిక లేకపోతే కుప్పను అలాగే వదిలెయ్యండి. ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. గింజ కట్టిన కలుపు మాత్రం అందులో వెయ్యకూడదు.

రోజూ కొంచెం కొంచెంగా వచ్చే వంటింటి చెత్తకు వానపాముల తొట్టే మేలు, ముఖ్యంగా బాల్కనీలో. లోతు ఎక్కువ అక్కర్లేదు, 30 సెంటీమీటర్లు చాలు. పైపైన బతికే ఎర్ర వానపాములు, అంటే ఐసీనియా ఫెటిడా కావాలి. నేలలో లోతుగా బొరియలు చేసే రకాన్ని తెచ్చి వేస్తే తొట్టిలో నిలవదు. కిలో పాములు కుదురుకున్నాక రోజుకు సుమారు అరకిలో తింటాయి. మొదటి వారాల్లో అందులో సగం కూడా పెట్టొద్దు. ఎక్కువ వేస్తే చెత్త పులిసి వేడెక్కుతుంది, పాములు గోడలెక్కి మూత కింద గుంపు కడతాయి. అప్పుడు మేత ఆపి, తడిపి పిండిన అట్ట ముక్కలు కలపాలి. 15–25 డిగ్రీల్లో బాగా తింటాయి, 35 దాటితే చస్తాయి. ఎండ తగిలే చోట తొట్టి పెట్టడం కన్నా అసలు పెట్టకపోవడం నయం. ఇందులో టమాటా గింజలు చావవు, మొలుస్తాయి. అడుగున కారే నల్లటి నీళ్లను అమృతంలా మొక్కలకు పోసేవాళ్లున్నారు. అది సగం కుళ్లిన చెత్త రసం, తినే ఆకుకూరలపై చల్లకండి.

పెరడుండి, ఈ కొలతలూ కాపలా వద్దనుకుంటే గుంట. 30–40 సెంటీమీటర్లు తవ్వి, పది పదిహేను సెంటీమీటర్ల మందాన చెత్త పరిచి, పైన కనీసం 20 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. పలచగా కప్పితే ఎలుకలు, కుక్కలు తోడేస్తాయి. నీరు నిలిచే బంకమట్టిలో మాత్రం ఇది కంపు కొడుతుంది.

కుప్పలోదైనా తొట్టిలోదైనా మాగని ఎరువును మొక్కల మట్టిలో కలపకూడదు. మిగిలిన కార్బన్‌ను తినే సూక్ష్మజీవులు మట్టిలోని నైట్రోజన్‌ను లాగేసుకుంటాయి, ఆకులు పాలిపోతాయి. గుప్పెడు తడి ఎరువును కవర్లో గాలి చొరకుండా మూడు రోజులు కట్టి ఉంచి విప్పండి. మట్టివాసన వస్తే మాగినట్టే; పులుపో, కంపో వస్తే ఇంకో నెల ఆగాలి. మాగిందాన్ని మడిలో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పైన పరిస్తే చాలు, తవ్వి కలపనక్కర్లేదు. కుండీల్లో పాముల ఎరువు మొత్తం మట్టిలో ఐదో వంతుకు మించకూడదు.